స్కేల్ మోడల్ పోటీలో మెట్లు, మార్కులు, టార్చిలైటు

జడ్జి చేతిలో ఉండాల్సినవి మూడే: చిన్న ఎల్‌ఈడీ టార్చి, పెన్ను, మార్కుల కాగితం. స్కేల్ మోడల్ అంటే విమానమో ట్యాంకో ఓడో కొలత తప్పకుండా చిన్నదిగా కట్టిన నమూనా. టార్చిని మోడల్‌కి ఎదురుగా పట్టుకోకూడదు. పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టి వెయ్యాలి. అప్పుడే విమానం వీపు మీద రెండు ముక్కలు కలిసిన అతుకు సన్నటి గీతలా తేలుతుంది. ట్యూబులైటు కింద నున్నగా కనబడ్డ మోడళ్లలో సగం ఇక్కడే దొరికిపోతాయి. రాజమండ్రిలోనో భీమవరంలోనో కాకినాడలోనో ఒక కళ్యాణమండపం మాట్లాడుకుని పోటీ పెడదామనుకునేవాళ్ల కోసం, అందులో మోడల్ పెడదామనుకునేవాళ్ల కోసం ఈ పోస్టు.

హాలు బుక్ చెయ్యక ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మోడల్‌ని పక్కనున్న మోడల్‌తో పోలుస్తారా, కాగితం మీద రాసుకున్న ప్రమాణంతో పోలుస్తారా?

1963లో బ్రిటన్‌లో పుట్టిన ఐపీఎంఎస్ అనే ప్లాస్టిక్ మోడలర్ల సంఘానికి మరుసటి ఏడాదే అమెరికాలో శాఖ వచ్చింది. అక్కడి జాతీయ పోటీలు చాలాకాలం మొదటి పద్ధతిలోనే నడిచాయి. 1/72 విమానాలన్నీ (అంటే అసలు దానిలో 72వ వంతువి) ఒక చోట, 1/48వి ఇంకో చోట పెట్టి, ఒక్కో విభాగంలో ఫస్టు, సెకండు, థర్డు ఇచ్చేవారు. ట్యాంకులకీ సైనిక వాహనాలకీ ప్రత్యేకించిన ఏఎంపీఎస్ సంఘం దారి వేరు. అక్కడ కొత్తవాళ్లు, కాస్త అనుభవం ఉన్నవాళ్లు, నిపుణులు అని మెట్లుంటాయి. ప్రతి మోడల్‌నీ ఆ మెట్టుకి తగ్గ ప్రమాణంతో చూసి బంగారం, వెండి, కంచు ఇస్తారు. పదిమంది బంగారానికి తగ్గట్టు చేస్తే పదిమందికీ బంగారమే. ఎవరూ అందుకోకపోతే ఎవరికీ లేదు.

గోదావరి జిల్లాల్లో మొదటిసారి పెట్టే పోటీకి నలభై యాభై మోడళ్లొస్తే గొప్ప. వాటిని విమానాలు, ట్యాంకులు, కార్లు, ఓడలు, బొమ్మలు అని విడగొట్టి, మళ్లీ స్కేలు ప్రకారం విడగొడితే ఒక్కో విభాగంలో మూడో నాలుగో మిగులుతాయి. మూడు మోడళ్లకి మూడు ప్రైజులంటే అది పోటీ కాదు, పేరంటం. ఇక్కడికి రెండో పద్ధతే సరిపోతుంది.

మెట్లు మూడు చాలు: కొత్త చెయ్యి, మధ్య చెయ్యి, తిరిగిన చెయ్యి. వయసుతో ముడిపెట్టకండి. రిటైరయ్యాక మొదటి కిట్టు (డబ్బాలో విడిముక్కలుగా వచ్చే మోడల్) కట్టిన మాస్టారు కొత్త చెయ్యే. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పట్టి మూడేళ్లయిన ఇంటరు కుర్రాడు మధ్య చెయ్యి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి వేరే బల్ల వేస్తే చాలు, మిగతా అందరికీ పనితనమే కొలత. దరఖాస్తులో నాలుగు ప్రశ్నలు అడిగితే మెట్టు తెలిసిపోతుంది. ఇప్పటిదాకా ఎన్ని మోడళ్లు పూర్తి చేశారు? రంగు బ్రష్‌తో వేశారా, స్ప్రే డబ్బాతోనా, ఎయిర్‌బ్రష్‌తోనా? కిట్టులో లేని విడిభాగాలు వాడారా? ఇంతకుముందు ఏ మెట్టులో ఏం వచ్చింది?

ఇక్కడ ఒక చిక్కుంది. చెయ్యి తిరిగినవాళ్లే కొందరు ప్రైజు ఖాయమని కింది మెట్టులో పేరిస్తారు. దీనికి రెండు రూల్స్ ముందే అచ్చు వేయించాలి. ఒక మెట్టులో బంగారం తీసుకున్నవాళ్లు మళ్లీ ఆ మెట్టులో పెట్టకూడదు. మోడల్ చూశాక పై మెట్టుకి జరిపే హక్కు నిర్వాహకులది, కిందికి జరిపే హక్కు ఎవరికీ లేదు. ఈ రెండోది ఎంట్రీ కాగితం మీద సంతకం పైనే ఉండాలి. లేకపోతే మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవ.

మార్కులు వందకి వేసుకుంటే లెక్క తేలిక. కొత్త చెయ్యికి కట్టుబడికి (ముక్కలు అతికించి కట్టిన తీరుకి) 50, రంగుకి 35, డెకాల్స్‌కి (మోడల్ మీద అతికించే గుర్తుల పొరలకి) 15 ఇస్తే చాలు. తుప్పు, బురద, మసి లాంటి వాడకపు మరకలకి ఈ మెట్టులో మార్కులే పెట్టొద్దు. పెడితే అతుకు కప్పడానికి బురద పూస్తారు. మధ్య చెయ్యికి కట్టుబడి 40, రంగు 30, డెకాల్స్ 10, మరకలూ తుది మెరుపూ 20. తిరిగిన చెయ్యి దగ్గర కట్టుబడి 35కి దిగుతుంది, ఆ తగ్గిన ఐదూ పని కష్టానికి పోతాయి. 85 దాటితే బంగారం, 70 దాటితే వెండి, 55 దాటితే కంచు.

ఏ మెట్టులోనైనా కట్టుబడికే పెద్ద వాటా ఎందుకంటే, పునాది తప్పితే పైన ఎంత రంగేసినా అది కనబడుతూనే ఉంటుంది. విమానాన్నే తీసుకోండి. జడ్జి మొదట ముక్కుకి ఎదురుగా, కళ్లు బల్ల ఎత్తుకి వచ్చేలా వంగి చూస్తాడు. రెండు రెక్కలూ ఒకే కోణంలో పైకి లేచాయా? తోక నిటారుగా ఉందా? మూడు చక్రాలూ నేలని తాకుతున్నాయా, ఒకటి గాల్లో ఉందా? గమ్ము ఆరకముందే వదిలేసిన రెక్క ఒకటి రెండు మిల్లీమీటర్లు వాలిపోయి ఉంటుంది. కిట్టు డబ్బానో పాత పుస్తకాలో ఆసరా పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే రాని తప్పు ఇది.

తర్వాత అతుకులు. రెక్క ఒంటికి కలిసే చోట సందు, తుపాకి గొట్టం మీద పొడుగునా గీత, ముక్కల లోపలివైపు గుండ్రటి అచ్చు గుర్తులు. పుట్టీ పెట్టి 400 నంబరు నీటి సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000 దాకా వస్తే అతుకు మాయమవుతుంది. నేరుగా 1000తో రుద్దితే గడ్డ అలాగే ఉండి పైన మాత్రం మెరుస్తుంది. రుద్దేటప్పుడు రేకుల మధ్య ఉండాల్సిన సన్నగీతలు కూడా చెరిగిపోతాయి. వాటిని మళ్లీ సూదితో గీశాడా లేదా అన్నదే మధ్య చెయ్యికీ తిరిగిన చెయ్యికీ తేడా చెబుతుంది.

ఇక గోదావరి గాలి. ఈ ఊళ్లలో మోడళ్లకి తగిలే దెబ్బల్లో చాలావాటికి మూలం తేమే.

లక్కర్ రంగో మ్యాట్ వార్నిషో కొట్టిన పది నిమిషాలకి నల్ల ట్యాంకు బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. రంగులోని థిన్నర్ గబగబా ఎగిరిపోతూ పైపొరని చల్లబరుస్తుంది. గాల్లోని తేమ ఆ చల్లదనానికి చెమ్మలా దిగి పొరలో చిక్కుకుంటుంది. ముసురు పట్టిన రోజు స్ప్రే పట్టకపోవడమే ఉత్తమం. తప్పదంటే ఏసీ గదిలో గంటసేపు తేమ తగ్గనిచ్చి, రంగు నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు కలుపుకోవాలి. తెల్లబడ్డది చాలాసార్లు పోదు అనుకుంటారు గానీ, రిటార్డర్ కలిపిన థిన్నర్‌ని దూరం నుంచి పలచగా చిలకరిస్తే పొర మళ్లీ కరిగి సర్దుకుంటుంది. దగ్గరకి వెళితే మాత్రం రంగు కారుతుంది.

ఎయిర్‌బ్రష్‌కి గాలి అందించే కంప్రెసర్ ట్యాంకులోనూ నీళ్లు చేరతాయి. అడుగున ఉన్న వాల్వు పని అయిన ప్రతిసారీ తిప్పి వదలాలి, గొట్టం మధ్యలో వాటర్ ట్రాప్ ఉండాలి. లేదంటే రెక్క మీద రంగు మధ్యలో నీటిబొట్టు ఉమ్మినట్టు పడుతుంది. కాక్‌పిట్ గాజుని సూపర్‌గ్లూతో అంటిస్తే దాని ఆవిరి లోపలివైపు తెల్లటి మంచులా పేరుకుంటుంది, తేమ ఎక్కువైతే ఇంకా గట్టిగా. గాజుకి ఫెవికాల్ లాంటి తెల్ల గమ్మే వాడాలి. పలచగా పూస్తే ఆరాక పెద్దగా కనబడదు, పొరపాటైతే తడిగుడ్డతో పోతుంది.

డెకాల్ చుట్టూ వెండిలా మెరిసే తప్పు గురించి కూడా అందరూ తేమనే తిడతారు. అది అన్యాయం. మ్యాట్ రంగు మీద నేరుగా డెకాల్ వేస్తే గరుకు గుంటల్లో గాలి ఉండిపోతుంది, మెరిసేది ఆ గాలే. ముందు మెరిసే (గ్లాసీ) వార్నిష్ వేసి, పూర్తిగా ఆరనిచ్చి, డెకాల్ మెత్తబరిచే ద్రవంతో అతికించి, చివర్లో మ్యాట్ వేస్తే రాదు.

సొంతంగా చేసిన మోడళ్లకి వేరే విభాగం తప్పకుండా ఉండాలి. ఇక్కడ కిట్టు దొరకని సరుకే ఎక్కువ. తాళ్లరేవు వైపు కట్టే చెక్క పడవలు, సఖినేటిపల్లి–నర్సాపురం మధ్య గోదావరి దాటించే పంటు, రాజమండ్రి–కొవ్వూరు వంతెనలు. వీటిలో జడ్జి చూడాల్సింది స్కేలు మాట నిలబడిందా అని. 1/48 పడవకి కొబ్బరి పీచు తాడు మూడు మిల్లీమీటర్లది కట్టేస్తారు. లెక్కేస్తే అసలు పడవ మీద అది పద్నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు మందం. ఏ సరంగూ పట్టుకోలేడు. 24 మిల్లీమీటర్ల నిజమైన తాడుకి అర మిల్లీమీటరు దారం కావాలి. దాన్ని పలచటి గమ్ము రాసిన వేళ్ల మధ్య లాగితే నూగు కూడా పడుకుంటుంది. చెక్క గీతలదీ ఇదే తంతు. టేకులో పెద్ద పెద్ద గీతలుంటాయి, చిన్న పడవకి గీత కనబడని చెక్కే నయం.

వంతెన చేసేవాళ్లు ముందు బల్ల కొలుచుకోవాలి. 1997 నాటి ఆర్చి వంతెనలో 28 ఆర్చీలు, ఒక్కోటీ 97.55 మీటర్లు. 1/350లో ఒక్క ఆర్చి సుమారు 28 సెంటీమీటర్లు, మొత్తం వంతెన 7.8 మీటర్లు. 1/72లో అయితే ఒక్క ఆర్చే 1.35 మీటర్లు. కాబట్టి ఒకటో రెండో ఆర్చీలు తీసుకుని, కింద స్తంభంతో సహా చక్కగా చెయ్యడం మేలు. 1900లో తెరిచిన హావ్‌లాక్ వంతెన గర్డరు (ఇనుప దూలం) అయితే రివెట్లు ఎన్ని పెట్టారన్నది కాదు, వరస వంకర పోకుండా పెట్టారా అన్నది చూడాలి. ఫొటోలూ కొలతలూ ఒక ఫైల్లో పెట్టి పక్కన ఉంచితే మార్కులు ఖాయం. జడ్జికి తెలియనిది మోడల్ తప్పు కాకూడదు కదా.

తేదీ విషయానికొస్తే సంక్రాంతి అయ్యాక జనవరి చివరా, ఫిబ్రవరీ మంచివి. పండగ మూడు రోజులూ జనం బరుల దగ్గరే ఉంటారు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం, మే నెలలో ఎండలో ఆపిన కారులో పలుచటి ప్లాస్టిక్ వంగిపోతుంది.

మోడల్‌ని థర్మాకోల్ పెట్టెలో వదులుగా పెట్టి పంటు ఎక్కించి, మళ్లీ బస్సెక్కిస్తే యాంటెన్నా, తెరచాప కొయ్య ముందు విరుగుతాయి. చెక్క పీటకి స్క్రూతో బిగించి, ఆ పీటని పెట్టె అడుగుకి బిగించాలి. హాల్లో తలుపు దగ్గరే ఒక మరమ్మతు బల్ల వేసి సూపర్‌గ్లూ, ట్వీజర్లు, టూత్‌పిక్‌లు పెట్టండి. జడ్జింగ్ మొదలయ్యేలోపు ముప్పావు గంట టైమివ్వండి.

జడ్జింగ్ అప్పుడు హాలు ఖాళీ చేయించాలి. మోడల్ పక్కన నంబరే ఉండాలి, పేరు ఉండకూడదు. ముగ్గురు జడ్జిలు విడివిడిగా మార్కులు వేస్తారు, ఎవరూ మోడల్‌ని ముట్టుకోరు. తన మోడల్ ఉన్న విభాగంలో జడ్జి కూర్చోడు. 78, 81 వచ్చిన మోడల్‌కి మూడోవాడు 64 వేస్తే సగటు తీసి ఊరుకోవద్దు. తేడా పది దాటితే ముగ్గురూ కలిసి మళ్లీ టార్చి వేసి చూడాలి. చాలాసార్లు ఆ మూడోవాడికే ఒక అతుకు కనబడి ఉంటుంది, మిగతా ఇద్దరూ రంగుకి మురిసిపోయి ఉంటారు.

ప్రైజులిచ్చాక “మావాడిదానికి ఎందుకు రాలేదండీ?” అని తల్లిదండ్రులు వస్తారు. “బాగుంది గానీ ఇంకా బాగా చెయ్యాలండీ” అని పంపేస్తే ఆ కుర్రాడు మళ్లీ రాడు. మార్కుల కాగితం వాడి చేతికే ఇవ్వండి. “ఎడమ రెక్క మొదట్లో సందు, కుడి చక్రం గాల్లో, తోక మీది డెకాల్ కింద గాలి” అని మూడు ముక్కలు రాసుంటే చాలు. సందులో పుట్టీ పెట్టడానికి ఆదివారం పొద్దున్న ఒక గంట పని.