పట్టు దొరికేదాకా

2024 సెప్టెంబరు 5 రాత్రి. పారిస్‌లో కపిల్ పర్మార్ కాంస్యం గెలిచాడు. పారాలింపిక్స్ జూడోలో మన దేశానికి అదే మొదటి పతకం. బ్రెజిల్ ఆటగాడి మీద 10-0 అని తమ్ముడు ఫోన్‌లో చూసి చెబుతుంటే కేక వేయబోయాను. కేక బదులు దగ్గొచ్చింది. కుడి డొక్కలో పొడిచినట్టు నొప్పి.

అప్పటికి మూడు వారాలుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు దిండు తడిసిపోయేది. వీధి చివర క్లినిక్‌లో రెండుసార్లూ జలుబు మందే ఇచ్చారు. ప్రాక్టీసులో దెబ్బ తగిలుంటుందని నేనూ సరిపెట్టుకున్నా. జూడో ఆడేవాళ్లకు ఎక్కడో ఒకచోట నొప్పి ఉండనే ఉంటుంది. 57 కిలోల విభాగంలో ఆడేదాన్ని, తూకం చూస్తే 50.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి, వీపులో సూది గుచ్చి ముప్పావు లీటరు నీరు లాగారు. పరీక్షలయ్యాక, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు.

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. చిన్నప్పుడు రేచీకటితో మొదలైంది, ఇప్పుడు వెలుతురుకీ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుంది. టీబీ మాత్రల్లో ఇథాంబ్యుటాల్ అనేది కొందరికి కంటి నరాన్ని దెబ్బతీస్తుందట. చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా రోగి చెప్పాలి, వెంటనే ఆపేస్తారు. నేనేం చెప్పగలను? "నీకెలాగూ కనిపించదుగా" అంది పక్క మంచం ఆవిడ. చెడ్డగా అనలేదు పాపం. కానీ కిటికీ ఎటుందో, తెల్లారిందో లేదో నాకు తెలిసేది ఆ కాస్త వెలుతురుతోనే. డాక్టరమ్మ కంటి డాక్టరుతో మాట్లాడి దాని బదులు లీవోఫ్లాక్సాసిన్ రాసింది. దానికీ ఒక పేచీ ఉంది: అరుదుగానైనా మడమ వెనక, కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ (టెండన్) తెగొచ్చు. "గెంతులు మానెయ్" అంది.

మూత్రపరీక్షకు పట్టిన సీసా చూసి అమ్మ హడలిపోయింది. "ఏమే, ఫాంటా రంగులో ఉందే!" రిఫాంపిసిన్ అనే ఇంకో టీబీ మందు వల్ల అలాగే వస్తుందని నర్సు చెప్పింది, అమ్మకు చెప్పడం నేనే మర్చిపోయా. టీబీ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు నవంబరు నుంచి నెలకు 500 బదులు 1,000 అయింది. అదంతా గుడ్లకీ పల్లీలకీ పోయింది.

ఊపిరి కసరత్తుకు మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చారు. బంతులు నాకు కనిపించవు, పైకి లేచి టక్‌మని తగలడం వినిపిస్తుంది. మొదట్లో ఒక్క టక్. జనవరికి మూడు. జూడోలో 20 సెకన్లు కింద అదిమిపెడితే మ్యాచ్ అయిపోతుంది. అందుకే మేడ మెట్లెక్కి, 20 లెక్కపెట్టేలోగా ఆయాసం తగ్గుతుందా లేదా అని చూసుకునేదాన్ని. చాలా రోజులు ఓడిపోయాను.

ఏప్రిల్లో హాలుకు వెళ్లాను. చూపులేని వాళ్ల జూడో మొదలయ్యేదే ఒకరి డ్రెస్ ఒకరు పట్టుకుని. పట్టు పూర్తిగా వదిలితే రిఫరీ ఆపి మళ్లీ పట్టిస్తాడు. మరి ముట్టుకోవడానికే భయపడితే? నాది అంటుకునే రకం కాదని డాక్టరు రాసిన కాగితం సార్ అందరికీ చదివి వినిపించారు. ఎవరూ కదల్లేదు.

కాసేపటికి కాలర్ మీద ఒక చెయ్యి, చొక్కా చేతి మీద ఇంకోటి పడ్డాయి. మా జూనియర్.

"మెల్లగా పట్టుకోనా అక్కా?"

"గట్టిగానే పట్టు."

సార్ హజిమే అన్నారు, అంటే మొదలుపెట్టమని. పది సెకన్లయినా కాకముందే వెల్లకిలా పడేసింది. దగ్గొస్తుందేమోనని అలాగే పడుకుని చూశా. రాలేదు. కుడి డొక్క మాత్రం లాగింది. ఇప్పటికీ లాగుతుంది.