పూడ్చబోయిన చిల్లు

ఆదివారం, రాత్రి.

గోళ్ల సందుల్లో ఇంకా నల్లరంగు ఉంది. సబ్బుతో రెండుసార్లు రుద్దినా వదల్లేదు. భుజాలు లాగుతున్నాయి, అయినా ఇవాళ్టి సంగతి రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

కారు వెనక నుంచి నడిచినప్పుడల్లా నెల రోజులుగా ఆ సైలెన్సరే కళ్లబడుతోంది. కొత్తలో వెండిలా ఉండేది. పదకొండేళ్లకి ఇటుక రంగుకి తిరిగింది. అంచుల్లో పెచ్చులు లేచి, తాకితే పొడి రాలుతోంది. మార్చెయ్యాల్సిందేనేమో అని టెన్షన్ పడుతూనే, ముందు దాంట్లో ఎంత ప్రాణం మిగిలిందో చూద్దామని పొద్దున్నే పని మొదలుపెట్టాను.

నిన్న మధ్యాహ్నం నుంచి బండి కదల్లేదు కాబట్టి పైపు పూర్తిగా చల్లగా ఉంది. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, ముందు చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టాను. వెనక భాగాన్ని జాకీతో లేపి రెండు వైపులా స్టాండ్లు పెట్టాను. జాకీ ఒక్కటే మోస్తున్న కారు కిందకి నేను ఎప్పుడూ దూరను. ఈ విషయంలో నాన్న నాకంటే గట్టి. స్టాండ్ల మీదికి దించాక తనే పక్క నుంచి రెండుసార్లు ఊపి చూసి, "ఇప్పుడు వెళ్లు" అన్నారు. ఆయన మోకాళ్లు వంగవు. కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చుని టార్చ్ పట్టుకున్నారు.

ముందు స్క్రూడ్రైవర్ పిడితో డబ్బా అంతా తట్టుకుంటూ వెళ్లాను. రేకు బాగున్న చోట ఖంగుమంటుంది. తుప్పు తినేసిన చోట తడిసిన అట్టని కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. అతుకుల వెంట మొనతో గుచ్చి చూశాను, ఎక్కడా దిగలేదు. అడుగున మాత్రం, వెనక చివర, పెన్సిల్ మొన పట్టేంత చిల్లు ఒకటి కనిపించింది. చుట్టూ తుప్పు పేరుకుని సగం మూసుకుపోయింది. తినడం ఇక్కడే మొదలైందన్నమాట అనుకుని, చిల్లులు పూడ్చే పేస్టు డబ్బా మూత తీశాను.

"ఆగమ్మా, దాన్ని పూడ్చకు."

"పొగ బయటికి పోదా నాన్నా?"

"అది పడ్డ చిల్లు కాదు, పెట్టిన చిల్లు. వేలితో తడిమి చూడు."

తడిమాను. నిజమే. తుప్పు తిన్న చిల్లుకి అంచు పల్చగా, రంపంలా ఉంటుంది. ఇది గుండ్రంగా ఉంది, అంచు మందంగా ఉంది. లోపల చేరే నీళ్లు కారిపోవడానికి తయారీలోనే పెడతారట.

నీళ్లెక్కడివి అంటే, పెట్రోల్‌వే. పెట్రోల్‌లో ఉన్న హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కాలితే నీరవుతుంది. లీటరు పెట్రోల్ కాలితే పుట్టే ఆవిరిని చల్లారిస్తే దాదాపు లీటరు నీళ్లు! దూరం వెళ్లినప్పుడు సైలెన్సర్ బాగా వేడెక్కి ఆవిరి ఆవిరిగానే బయటికి పోతుంది. కొంచెం దూరం వెళ్లి ఆపేస్తే చల్లటి రేకు మీద నీరై అడుగున నిలిచిపోతుంది. పొగలోని వాయువులు కలిసి ఆ నీటికి కొంత ఆమ్ల గుణం కూడా వస్తుంది. నేను రోజూ ఆఫీసుకి వెళ్లేది మూడు కిలోమీటర్లు. ఇన్నాళ్లూ ఈ తుప్పంతా వాననీళ్లదీ బురదదీ అనుకున్నాను. సగం నా మూడు కిలోమీటర్లదే. ఇది తెలిశాక పని చేస్తున్నంతసేపూ మనసులో అదే తిరిగింది.

సన్నటి తీగతో చిల్లులో తుప్పు తీశాను. చెంచాడు నల్లటి నీళ్లు, వాటితో పాటు ఎర్రటి మడ్డి కారాయి. ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో అవి.

ఆ తర్వాతిది ఒళ్లు వంచి చేసే పని. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని వైర్ బ్రష్‌తో పెచ్చులన్నీ రాల్చాను. వెల్లకిలా పడుకుని పైకి రుద్దుతుంటే పొడి అంతా మొహం మీదికే వస్తుంది, అద్దాలు లేకపోతే అస్సలు చెయ్యకూడదు. 80 నంబరు ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి, 120, చివరికి 220. మెరిసేదాకా రుద్దక్కర్లేదు, కదిలే తుప్పు మిగలకుండా ఉంటే చాలు. రెండున్నర గంటలు పట్టింది. పైభాగంలో చెయ్యి దూరని చోట ఎమరీ పేపర్‌ని పట్టీలా కత్తిరించి, తువ్వాలుతో వీపు తుడుచుకున్నట్టు రెండు చేతులా అటూ ఇటూ లాగాను. తర్వాత థిన్నర్ గుడ్డతో తుడిచాను. గుడ్డ తెల్లగా వచ్చేదాకా గుడ్డలు మార్చాను. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోలేదు, వేలి జిడ్డు చాలు రంగు లేవడానికి.

మామూలు ఎనామెల్ ఇక్కడ పనికిరాదు, కొన్ని రోజుల్లోనే మాడి ఊడిపోతుంది. 650 డిగ్రీల దాకా తట్టుకునే సిలికాన్ రకం నల్ల స్ప్రే తెచ్చుకున్నాను. ప్రైమర్ వద్దని, నేరుగా రేకు మీదే కొట్టాలని డబ్బా మీద రాసి ఉంది. సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లకి, బంపర్‌కి టేప్ వేసి, చిల్లులో అగ్గిపుల్ల గుచ్చి, పల్చగా మూడు కోటింగులు వేశాను. ఒక్కో దానికీ మధ్య పావుగంట. ఒక్కసారే మందంగా కొడితే కారుతుంది, వేడికి బుడగలొస్తాయి. మొదటి కోటింగ్ తర్వాత తుప్పు మచ్చలు ఇంకా కనబడుతుంటే చెయ్యి ఆపుకోవడం కష్టమే అయింది.

రంగు ఆరాక అగ్గిపుల్ల, టేపులు తీసేసి కారు దించాను. ఈ రంగు వేడి తగిలితేనే గట్టిపడుతుంది. కారుని షెడ్డులోంచి తోసి ఆరుబయట పెట్టాం. మూసిన చోట ఇంజన్ నడిపితే చేరే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనకి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. పది నిమిషాలు నడిపి, ఇరవై నిమిషాలు చల్లార్చి, మళ్లీ ఇరవై నిమిషాలు నడిపాను. రంగు నుంచి పల్చటి పొగ, ఘాటు వాసన వచ్చాయి. రెండోసారికి తగ్గిపోయాయి. మూడోసారి ఇంట్లో ఉండలేక బండి తీసుకుని ఇద్దరం అరగంట తిరిగొచ్చాం.

అన్నిటికంటే బాగా గుర్తున్నది మొదటిసారి ఇంజన్ వేసినప్పటి సంగతి. రెండు నిమిషాలు కాకముందే కొత్త నలుపు మీద చిల్లు దగ్గర ఒక చుక్క ఊరింది. కాసేపు వేలాడి నేల మీద పడింది. వెనకే ఇంకోటి.

"నాన్నా, పడుతున్నాయి" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి, నడుం పట్టుకుని వంగి, పట్టపగలు టార్చ్ వేసి మరీ చూశారు.