నాలుగో నంబర్ కౌంటర్లో పది రోజులు

రెండు రాష్ట్రాల్లో కలిపి నలభైకి పైగా సూపర్ మార్కెట్లున్న ఒక కంపెనీకి నేను ఆపరేషన్స్ హెడ్‌ని. ఏ స్టోర్లో కందిపప్పు ఎన్ని రోజులు కదలకుండా పడి ఉంటుందో, ఒక్కో బిల్లుకి సగటున ఎన్ని సెకన్లు పడుతుందో హైదరాబాద్‌లో నా సీట్లోంచి లేవకుండా చెప్పగలను. అలాంటిదాన్ని 2025 సంక్రాంతికి ముందు పది రోజులు కాకినాడలో, మా స్టోర్లోనే, నేనెవరో చెప్పకుండా బిల్లింగ్ కౌంటర్లో నిలబడ్డాను.

ఆలోచన మా ఎండీ గారిది. 2024 అక్టోబర్‌లో జొమాటో అధిపతి దీపిందర్ గోయల్ భార్యతో కలిసి డెలివరీ యూనిఫాం వేసుకుని గురుగ్రామ్‌లో ఆర్డర్లు పట్టుకెళ్ళారు. ఒక మాల్‌లో ఆయన్ని మామూలు దారిన రానివ్వక మెట్లెక్కి వెళ్ళమన్నారు. ఆ వార్త అప్పట్లో అందరి ఫోన్లలో తిరిగింది. అంతకు ముందు ఉబర్ సీఈఓ డారా ఖోస్రోషాహి కూడా శాన్‌ఫ్రాన్సిస్కోలో డ్రైవర్‌గా కారు నడిపారు. "మనవాళ్ళు కూడా ఒకసారి దిగాలి" అన్నారు ఎండీ గారు. మీటింగ్‌లో అందరూ తలలూపారు. తర్వాత ఒకాయనకి నడుం నొప్పి వచ్చింది. ఇంకొకాయన తన మొహం అన్ని స్టోర్లలోనూ తెలుసన్నారు. మూడో ఆయన కూతురికి నిశ్చితార్థం కుదిరింది. చివరికి మిగిలింది నేను.

రాజులు మారువేషాల్లో ఊళ్ళో తిరిగేవాళ్ళని చిన్నప్పుడు కథల్లో చదువుకున్నాం. శ్రీకృష్ణదేవరాయల మీద అలాంటివి బోలెడు. నాకు గుర్తున్నంతవరకు ఆ కథల్లో రాజు ఎవరి అరుగు మీదో కూర్చుని జనం మాటలు వింటాడు తప్ప, ఎవరి పొలంలోనూ కలుపు తీయడు.

వేషం కోసం పెద్దగా కష్టపడలేదు. నలభై ఆరేళ్ళ ఆడదాన్ని. జుట్టుకి రంగు వేయడం రెండు నెలలు మానేసి, కళ్ళజోడు మార్చి, ముక్కుపుడకా చేతి గడియారమూ ఇంట్లో పెట్టేస్తే చాలు, ఎవరూ రెండోసారి చూడరు. అది తెలిసి కొంచెం మనసు చివుక్కుమంది కూడా. ఆధార్‌లో పేరు మార్చలేం కాబట్టి పేరు అదే ఉంచాం. ఆ పేరు వీధికి నలుగురికి ఉంటుంది లెండి. పండగ రద్దీకి మనుషుల్ని పంపే ఏజెన్సీ ద్వారా టెంపరరీ స్టాఫ్‌లో చేరాను. చెల్లెలి ఇంట్లో ఉంటున్నానని, అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజు కట్టాలని చెప్పాను. ఫీజు అనగానే ఇంకెవరూ ఇంకో ప్రశ్న వేయలేదు.

స్టోర్ మేనేజర్‌కి సంగతి తెలియదు. ఫోన్లో నాతో చాలాసార్లు మాట్లాడినవాడే. గొంతు పోల్చుకుంటాడేమోనని మొదటి రెండు రోజులూ జలుబు చేసినట్టు నటించాను. ఆ అవసరమే లేకపోయింది. టెంపరరీ వాళ్ళతో అతను మాట్లాడేవి రెండే మాటలు: "త్వరగా", "ఫోన్ లోపల పెట్టమ్మా".

మొదటి రోజు పొద్దున్నే స్టాఫ్ గదిలో సంచి పెట్టుకుంటుంటే ఎదురుగా నోటీసు బోర్డు. దాని మీద మూడు సర్క్యులర్లు, మూడింటి కిందా నా సంతకం. ఒకటి బిల్లింగ్ కౌంటర్ల దగ్గర స్టూళ్ళు తీసేయమని, 2022లోది. కూర్చుని బిల్లు కొడితే కస్టమర్‌కి నిర్లక్ష్యంగా కనిపిస్తుందని అందులో రాశాను. రెండోది బిల్లుకి ఇన్ని సెకన్లు దాటకూడదని. మూడోది సాయంత్రం క్యాష్ లెక్కలో ఎంత తగ్గితే అంత, ఆ కౌంటర్ మనిషి జీతంలో కోయమని. భాష చక్కగా ఉంది. అప్పట్లో ఆ డ్రాఫ్ట్‌ని మెచ్చుకున్నారు కూడా.

నాకు పని నేర్పిన అమ్మాయికి ముప్పై దాటి ఉంటాయి. జగన్నాథపురం నుంచి వస్తుంది, ఏడేళ్ళుగా అక్కడే చేస్తోంది. పేరు రాయడం లేదు. "అక్కా, భయపడకండి, మిషన్ కన్నా మనుషులే కష్టం" అంది మొదటి గంటలోనే. కూరగాయల కోడ్లు అట్టముక్క మీద రాసి డ్రాయర్ లోపలి వైపు అంటించి ఇచ్చింది. వంకాయలో నాలుగు రకాలు, నాలుగు కోడ్లు. నాకు ఆఫీసులో స్క్రీన్ మీద అవన్నీ తెలుసు. అక్కడ గుండ్రటిదీ పొడుగుదీ ఒకే సంచిలో కలిపేసి తెచ్చి "తొందరగా కొట్టమ్మా, ఆటో ఆగింది" అనే ఆవిడ ముందు నాకేమీ గుర్తు రాలేదు.

సంక్రాంతి రద్దీ అంటే బెల్లం, నువ్వులు, బియ్యప్పిండి, నూనె డబ్బాలు. ఐదు లీటర్ల డబ్బా ఎత్తి, బార్‌కోడ్ వెతికి, స్కానర్‌కి చూపించి పక్కన పెట్టాలి. రోజుకి అలా ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. మూడో రోజుకి కుడి మణికట్టు వాచింది. కాళ్ళ సంగతి వేరు. టైల్స్ నేల మీద తొమ్మిది గంటలు నిలబడితే నొప్పి ముందు మడమలో మొదలై, మధ్యాహ్నానికి పిక్కల్లోకి, సాయంత్రానికి నడుంలోకి వస్తుంది. రాత్రి మంచం మీద పడుకున్నా అరికాళ్ళు నిలబడే ఉన్నట్టుంటాయి. నా అవస్థ చూసి ఆ అమ్మాయి బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి విప్పి, నాలుగు మడతలు పెట్టి, నా కాళ్ళ కింద తోసింది. "మేనేజర్ గారు వస్తే కాలితో లోపలికి నెట్టేయండి" అంది. వంగి చూస్తే ఐదు కౌంటర్ల కిందా అట్టలున్నాయి. ఒక్కో అట్ట మీద రెండేసి పాదాల ముద్రలు, నల్లగా.

షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలు మార్చుకున్నాయి. ఈ సంగతి నాకు కాకినాడ వెళ్ళకముందే తెలుసు. మా లీగల్ ఆయన మీటింగ్‌లో చెప్పినప్పుడు "మనకి ఆ రాష్ట్రాల్లో స్టోర్లు లేవు కదా" అని మరుసటి అంశానికి వెళ్ళింది నేనే.

నీళ్ళ విషయం కూడా చెప్పాలి. కౌంటర్ మూసి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే సూపర్‌వైజర్ వచ్చి తన కార్డుతో లాక్ చేయాలి. లైన్లో పది మంది ఉంటే అతను రాడు. అందుకని ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగరు. ఎవరూ దాన్ని ఫిర్యాదుగా చెప్పలేదు, కోడ్లు నేర్పినంత మామూలుగా నాకది కూడా నేర్పారు. బాసులు వేషం మార్చి సొంత సిబ్బందితో పనిచేసే టీవీ షో ఒకటి బ్రిటన్‌లో 2009లో మొదలై మరుసటి ఏడాది అమెరికాకి వెళ్ళింది. అక్కడి మొదటి ఎపిసోడ్‌లో వేస్ట్ మేనేజ్‌మెంట్ అనే చెత్త సేకరణ కంపెనీ ప్రెసిడెంట్ లారీ ఓడోనెల్ చెత్త బండి ఎక్కాడు. దారిలో ఆగే టైం లేక తన మహిళా డ్రైవర్ ఒక డబ్బా వాడుకుంటోందని అప్పుడు తెలిసింది. ఆ టైం లెక్కలు తన పైఆఫీసు నుంచి వచ్చినవే. కాకినాడలో దాహం వేసినప్పుడల్లా ఆ డబ్బా గుర్తొచ్చేది.

ఒక్క విషయంలో మాత్రం నాకు నవ్వొచ్చింది, నా మీద నాకే. ఏడాదిగా మా స్టాకు లెక్కల్లో ఒక చిక్కు ఉండేది. గులాబీ సబ్బులు కంప్యూటర్లో మైనస్‌లోకి పోతాయి, అదే కంపెనీ మల్లె సబ్బులు షెల్ఫులో ఉండాల్సిన దానికన్నా తక్కువుంటాయి. దొంగతనమని అనుమానించి రెండుసార్లు ఆడిట్ పంపాను. కౌంటర్లో రెండో రోజే జవాబు దొరికింది. రకరకాల సబ్బులు పది తెస్తే ఒకటి స్కాన్ చేసి పది అని కొడతారు. ధర ఒకటే కాబట్టి కస్టమర్‌కి నష్టం లేదు, బిల్లు ఐదు సెకన్లలో అయిపోతుంది. సెకన్ల సర్క్యులర్ ఎవరిది? నాదే. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు గోడౌన్ అంతా తిరిగారు కాని కౌంటర్లో ఉన్న అమ్మాయిని ఒక్క మాట అడగలేదు. అడిగితే దాచేదేమీ లేదు, వాళ్ళు నాకు చెప్పినట్టే చెప్పేవాళ్ళు. నిజానికి కాళ్ళ నొప్పి సంగతి కూడా ఉద్యోగం మానేసి వెళ్ళేవాళ్ళు కాగితాల మీద రాసే వెళ్ళారు. ఆ కాగితాలు నా టేబుల్ దాకా వచ్చాయి. "వ్యక్తిగత కారణాలు" అన్న గళ్ళో వేయించాను.

నాలుగో రోజు సాయంత్రం రద్దీలో ఒక కుర్రాడు ఫోన్ తిప్పి పచ్చటి టిక్కు చూపించాడు. మూడొందల నలభై. మిషన్లో మాత్రం మోగలేదు. వెనకాల లైను బియ్యం ర్యాక్ దాకా ఉంది, ఎవరో "ఏవండీ, ఎంతసేపండీ" అని అరుస్తున్నారు. పోనీలే, వస్తుందని యూపీఐ కింద బిల్లు మూసేశాను. రాత్రి లెక్కలో డబ్బు రాలేదు. సూపర్‌వైజర్ షార్టేజ్ స్లిప్ తీసి సంతకం పెట్టమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పొరపాటు కొంత ఉంది, నిజమే. కాని ఏం జరిగిందని కూడా అడగకుండా కోసేయడమేమిటి? అప్పట్లో అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం కూడా ముందు ఉద్యోగి మాట వినాలనేది. ఆ చట్టం నేను చదివాను. చదివే ఆ సర్క్యులర్‌లో "వివరణ తీసుకుని" అన్న ముక్క, ఆలస్యమవుతుందని, తీసేశాను.

నేను స్లిప్ పట్టుకుని నిలబడితే ఆ అమ్మాయి వచ్చి పర్సులోంచి మూడు వందలూ రెండు ఇరవైలూ తీసి డ్రాయర్‌లో పెట్టేసింది. "స్లిప్ రాస్తే పేరు ఎక్కుతుందక్కా, పండగయ్యాక పిలవరు మిమ్మల్ని. జీతం వచ్చాక ఇద్దురు గాని" అంది. వద్దనాలి. అంటే ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. ఊరుకున్నాను. ఆ పది రోజుల్లో నేను చేసిన పనుల్లో ఇది ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. మర్నాడు తన బాక్సులోంచి పనసపొట్టు కూర కూడా పెట్టింది, తిన్నాను.

ఏడో రోజు నుంచి ఆమె మాట తగ్గించింది. అట్ట సర్దడం, కోడ్ అందించడం మామూలే, కాని మేనేజర్ మీద జోకులు లేవు, ఇంటి కబుర్లు లేవు. అలసట అనుకున్నాను. పదో రోజు సాయంత్రం చొక్కా తిరిగిచ్చి వెళ్ళబోతుంటే స్టాఫ్ గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"మీరు హెడ్డాఫీసా అండి?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆమె హాజరు రిజిస్టర్ తెరిచి నా గడి చూపించింది, తర్వాత బోర్డు చూపించింది. వేషం అంతా మార్చుకున్నాను, సంతకం మార్చుకోవాలని తోచలేదు. పొద్దున్నా సాయంత్రం అదే మెలిక, అదే చివరి గీత.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆరో రోజు. ఎవరికీ చెప్పలేదండి." కాసేపు ఆగి, "నేను మీతో ఏవేవో అన్నాను. అవి రాస్తారా?" అంది.

రాయనన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. ఎందుకు నమ్మాలి? డబ్బు ఇవ్వబోతే అప్పుడే మేనేజర్ లోపలికొచ్చాడు, ఆమె రిజిస్టర్ మూసేసి వెళ్ళిపోయింది.

హైదరాబాద్ వచ్చాక జరిగింది పెద్దగా చెప్పుకునేది కాదు. ముప్పై రెండు స్లైడ్లు చేశాను. సబ్బుల స్లైడ్‌కి అందరూ నవ్వారు. సెకన్ల టార్గెట్ పండగ రోజుల్లో ఎత్తేశారు. షార్టేజ్ కోతకి ముందు వివరణ తీసుకోవాలన్న ముక్క మళ్ళీ చేరింది. స్టూళ్ళ దగ్గర గట్టి వాదన జరిగింది, కూర్చుంటే ఫోన్లు చూస్తారన్నారు ఒకాయన, ఆయన స్వయంగా ఫోన్ చూస్తూ. ఎండీ గారు ఒప్పుకున్నారు. స్టూళ్ళు పంపించాం. బాత్రూమ్ కార్డు సంగతి ఇంకా ఐటీ వాళ్ళ దగ్గరే నలుగుతోంది.

ఉగాదికి ముందు వారం మళ్ళీ కాకినాడ వెళ్ళాను, ఈసారి నా పేరుతో, కంపెనీ కారులో. మేనేజర్ గుమ్మం దాకా ఎదురొచ్చాడు. జనవరిలో తనతో జలుబు గొంతుతో మాట్లాడిన మనిషిని నేనేనని అప్పటికి అందరికీ తెలిసిపోయింది, పాపం, కుర్చీ వేయడానికి నలుగురిని పరిగెత్తించాడు. నాలుగో నంబర్ కౌంటర్లో ఆ అమ్మాయే ఉంది, నిలబడే ఉంది. పక్కనే కొత్త స్టూలు, ప్లాస్టిక్ కవర్ విప్పలేదు, దాని మీద క్యారీ బ్యాగుల కట్టలు. కౌంటర్ కింద అట్ట అలాగే ఉంది.

"కూర్చోవడం లేదేం?" అన్నాను.

"కూర్చుంటే చెయ్యి స్కానర్ దాకా అందదండి. కౌంటర్ ఎత్తు కదా" అంది.

కొలతలు చూసి ఆర్డర్ ఇచ్చింది నా టీమే. ఏమీ అనలేక పర్సు తెరిచి ఐదు వందల నోటు ఇచ్చాను. మొహమాటపడుతుందనుకున్నాను. నోటు తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది, అలవాటు కొద్దీ. తన పర్సు తీసి వంద, యాభై, పది లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.

"నూట అరవై. చూసుకోండి మేడం" అని, నా వెనకాల ఉన్న ఆయన బుట్టలోంచి నూనె డబ్బా అందుకుంది.