‘యమే’ అన్న తర్వాత ఏం చేయాలి?

నేను 12 ఏళ్లుగా షోటోకాన్ కరాటే సాధన చేస్తున్నాను. రెండో యుద్ధవిద్య ఒకటి నేర్చుకోవాలన్న కోరిక చాలాకాలంగా ఉన్నా, ఏది నేర్చుకోవాలన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఏ విద్య గొప్పదని అడిగితే ఎవరి విద్య వారికి గొప్ప కాబట్టి, ఆ దారిలో నాకు జవాబు దొరకలేదు. చివరికి అది ఒక మామూలు కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడే) సాధనలో దొరికింది. నేను వేసిన గ్యాకు జుకిని, అంటే వెనక చేతి గుద్దును, తప్పించుకుని తోటి సాధకుడు బాగా దగ్గరికి చొచ్చుకు వచ్చాడు, ఇద్దరి చేతులూ పెనవేసుకున్నాయి, నా స్లీవ్ అతని పిడికిట్లో చిక్కుకుంది. వెంటనే మాస్టరు గారు ‘యమే’, అంటే ‘ఆపండి’ అన్నారు, మేం విడిపోయి ఎవరి చోటికి వాళ్లం వెళ్లి నిలబడ్డాం. అంతకు ముందు ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. ఆ రోజు మాత్రం, ఆ మాట వినిపించకపోయి ఉంటే నేను ఏం చేయగలిగేవాణ్ణని ఆలోచించాను. నాకు ఏమీ తోచలేదు.

రెండో విద్య కోసం వెతికేవారు తమ మొదటి విద్య ఎక్కడ ఆపేస్తుందో ముందుగా గమనించుకోవాలని అప్పటి నుంచి నా అభిప్రాయం. ప్రతి విద్యకూ అలాంటి గీత ఒకటి ఉంటుంది. బాక్సింగులో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకోగానే రెఫరీ విడదీస్తాడు. ఒలింపిక్ టైక్వాండో పోటీల్లో పిడికిలితో ముఖం మీద కొట్టకూడదు. జూడో పోటీల్లో చేతులతో కాళ్లు పట్టుకోవడాన్ని 2010లో కట్టడి చేసి, 2013లో పూర్తిగా నిషేధించారు. ఈ నియమాలను నేను తప్పుపట్టడం లేదు, ఎందుకంటే గాయాలు కాకుండా పూర్తి బలంతో సాధన చేయగలుగుతున్నది వాటి వల్లనే. అయితే ఏళ్ల తరబడి ఒకే నియమాల మధ్య మసలిన శరీరం, ఆ గీతకు అవతల ఏమీ లేనట్టే ప్రవర్తించడం మొదలుపెడుతుంది.

మొదట నా మనసు బాక్సింగు మీదికే పోయింది. ఒక నెల పాటు సాధన కూడా చేశాను. కానీ బాగా పోలికలున్న రెండు విద్యలు ఒకదాన్నొకటి చెడగొట్టగలవని నాకు అక్కడే తెలిసివచ్చింది. షోటోకాన్‌లో గ్యాకు జుకి వేసేటప్పుడు వెనక కాలి మడమ నేలకు ఆని ఉండాలని, రెండో చెయ్యి నడుము దగ్గరికి రావాలని నేర్పుతారు. బాక్సింగులో వెనక మడమ లేచి తిరగాలి, రెండో చెయ్యి దవడను కాపాడుతూ ఉండాలి. చూడ్డానికి దెబ్బ ఒకటే కావడంతో, ఏ చోట ఏది చేయాలో నా శరీరం తేల్చుకోలేకపోయింది, రెండు వారాలు తిరిగేసరికి రెండు దెబ్బలూ పాడయ్యాయి. ఇది బాక్సింగు లోపం కాదు. కుస్తీ నుంచో జూడో నుంచో వచ్చేవారికి అంతకన్నా మంచి రెండో విద్య ఉండదని ఇప్పటికీ అంటాను. బ్రెజిలియన్ జుజిత్సు గురించి కూడా ఆలోచించాను గానీ, దాని బలమంతా నేల మీది పోరులో ఉంది. నా సందేహం అంతకు ముందు క్షణానిది, అంటే ఇద్దరూ నిలబడి ఉండగా ఒకరి పట్టు పడిన క్షణానిది. ఆ క్షణం దగ్గరే మొదలయ్యే విద్య జూడో.

జూడోలో అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది పడటం. దాన్ని ఉకెమి అంటారు. వెనక్కి పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి, వీపును గుండ్రంగా చేయాలి, చేతులను ఒంటికి కాస్త ఎడంగా ఉంచి అరచేతులతో సహా మ్యాట్‌ను గట్టిగా చరచాలి. చెయ్యి వెనక్కి చాచి నేలను అందుకోవాలని మనిషికి సహజంగా అనిపిస్తుంది, మణికట్టు విరగడానికి కారణం కూడా అదే. నేను మొదట చేరిన చోట ఈ పాఠం సరిగ్గా చెప్పకుండానే మొదటి వారంలో రాండోరీకి, అంటే స్వేచ్ఛగా తలపడే సాధనకు, దింపారు. నేను చెయ్యి వెనక్కి చాచాను, మణికట్టు బెణికింది, ఆరు వారాల పాటు కరాటే సాధన కూడా ఆగిపోయింది. తర్వాత చేరిన చోట గురువు గారు మొదటి నెలంతా దాదాపుగా పడటమే నేర్పించారు. కరాటేలో బ్లాక్ బెల్టు ఉన్నవాణ్ణి కదా, ఇంకా ఇదేనా అని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

జూడో నా కరాటేను ఎలా మార్చిందో చెప్పాలంటే ఒక్క పదం చాలు. కటా, అంటే వరుసగా కూర్చిన కదలికల సాధన, చేసేటప్పుడు ఒక చెయ్యి ముందుకు వెళ్తుంటే రెండో చెయ్యి పిడికిలి బిగించి తుంటి దగ్గరికి వస్తుంది, దాన్ని హికితే అంటారు. ఇన్నేళ్లుగా నా హికితే ఖాళీ పిడికిలే. జూడోలో కూడా హికితే ఉంది, అయితే అక్కడ అది ఎదుటివారి స్లీవ్‌ను పట్టుకుని లాగే చెయ్యి. మొదటిసారి నా హికితేలో నిజంగానే ఒక మనిషి చెయ్యి ఉన్నప్పుడు, ఆ మనిషి బరువు ముందరి పాదం వేళ్ల మీదికి ఒరగడం నా వేళ్లకు తెలిసింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఎప్పుడో నేర్చుకున్న హెయాన్ అనే తొలి కటాలను మళ్లీ మొదటి నుంచి నెమ్మదిగా చేసుకున్నాను.

ఈ రెండు విద్యల బంధుత్వం కొత్తది కాదు. జూడో స్థాపకుడు జిగొరో కానో ముందు తెన్జిన్ షిన్యో ర్యూ, తర్వాత కితో ర్యూ అనే రెండు జుజుత్సు సంప్రదాయాలు నేర్చుకుని, 1882లో కొడోకాన్ స్థాపించారు. షోటోకాన్‌కు మూలపురుషుడైన గిచిన్ ఫునాకోషి 1922లో కానో ఆహ్వానంపై కొడోకాన్‌లో కరాటే ప్రదర్శించారు. మేం కట్టుకునే బెల్టు, డాన్ (బ్లాక్ బెల్టు స్థాయిల) పద్ధతి కరాటేకు జూడో నుంచే వచ్చాయి.

మొదటి విద్యలో కనీసం మూడు నాలుగేళ్లు గడవకుండా రెండోదాని జోలికి వెళ్లవద్దని నా సలహా, ఎందుకంటే ఎక్కడ ఆగిపోతున్నామో తెలియడానికే అంతకాలం పడుతుంది. నేను వారానికి మూడు రోజులు కరాటే, రెండు రోజులు జూడో చేస్తాను, కుమితే గట్టిగా చేసిన మర్నాడు రాండోరీ పెట్టుకోను. ఇక ఎక్కడ చేరాలన్నది విద్య పేరుకన్నా ముఖ్యమైన విషయం. చేరబోయే ముందు అనుమతి అడిగి ఒక తరగతి మొత్తం పక్కన కూర్చుని చూడండి. అది జూడో అయితే, కొత్తవారిని విసిరే సీనియర్ల చేతుల మీద కళ్లు పెట్టండి. మంచి చోట, పడే మనిషి మ్యాట్‌ను తాకే క్షణంలో విసిరినవారు ఆ స్లీవ్‌ను వదలకుండా పైకి లాగి పట్టుకుంటారు, దాంతో తల, భుజం నేలకు గట్టిగా తగలవు. స్లీవ్‌ను వదిలేస్తున్న చోట మాత్రం చేరకండి.