గ్రహశకలం మట్టిని పట్టే చేయి: మా మోడల్ పని ఎలా సాగిందంటే

చైనా టియన్‌వెన్-2 వ్యోమనౌకను మన టైం ప్రకారం 2025 మే 28 రాత్రి పంపింది. కామోఓఅలేవా అనే చిన్న గ్రహశకలం దగ్గరికి వెళ్లి, అక్కడి మట్టి తేవడం దాని పని. ఆ తర్వాత కొన్నాళ్లకే మా అక్క కూతురికి స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పడింది. అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం మాది. అక్కవాళ్లు కేఆర్ పురంలో, నేను మారతహళ్లిలో ఉంటాం. పిల్ల తొమ్మిదో తరగతి. క్లాసులో చాలామంది రాకెట్ మోడల్ చేస్తున్నారు, తనూ అదే చేస్తానంది. "రాకెట్ పని గంటలో అయిపోతుంది, అసలు కష్టం అక్కడికి చేరాకే. మనం దాన్ని చూపిద్దాం" అన్నాను.

ఇలాగే గ్రహశకలం మట్టి తెచ్చిన అమెరికావాళ్ల నౌక ఒసైరిస్-రెక్స్ కథతో మొదలుపెట్టాం. అది 2016 సెప్టెంబర్ 8 సాయంత్రం కేప్ కెనావరల్ నుంచి అట్లాస్-5 రాకెట్ మీద బయల్దేరింది. మనకు అప్పుడు 9వ తేదీ తెల్లవారుజాము 4:35. అంతకు దాదాపు పన్నెండు గంటల ముందే మన శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్05 రాకెట్ ఇన్శాట్-3డీఆర్ వాతావరణ ఉపగ్రహాన్ని తీసుకుని లేచింది. ఇంకో సంగతి, సెప్టెంబర్ 1న కేప్ కెనావరల్‌లోనే దగ్గర్లోని మరో లాంచ్ ప్యాడ్ మీద ఫాల్కన్-9 రాకెట్ పేలిపోయింది. ఏళ్ల తరబడి కట్టిన నౌకను ఆ తర్వాత వారానికే రాకెట్ మీద పంపాలంటే ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో! ఆ అట్లాస్‌కి ఒకే ఒక్క సాలిడ్ బూస్టర్ (ఘన ఇంధనంతో అదనపు తోపునిచ్చే చిన్న రాకెట్), అదీ ఒక పక్కన. ఒక వైపే తోపు పడుతుంటే ప్రధాన ఇంజిన్ మంట వచ్చే తన నాజిళ్లను వంచి దారి సరిచేసుకుంటుంది. ఆ రాకెట్ బొమ్మ వేసినప్పుడు పిల్ల రెండో వైపు కూడా బూస్టర్ పెట్టబోయింది, వద్దని ఆపాను.

ఒసైరిస్-రెక్స్ చేరాల్సిన చోటు బెన్ను అనే గ్రహశకలం. సుమారు అర కిలోమీటరు వెడల్పున్న రాళ్ల గుట్ట. దాని మీద మన బరువు ఇక్కడి బరువులో లక్షో వంతు కూడా ఉండదు. తవ్వుదామని పార దింపితే పార దిగదు, మనమే వెనక్కి పోతాం. అందుకే వాళ్లు తవ్వకుండా తాకి వచ్చే పద్ధతి ఎంచుకున్నారు. మూడు మీటర్లకు పైగా పొడవున్న చేయి, దాని చివర మెష్ చుట్టిన గుండ్రని తల. తల నేలను తాకగానే సీసాలోని నైట్రోజన్ కిందికి కొడుతుంది, లేచిన మట్టిని ఆ తల లోపలికి పట్టుకుంటుంది. ఈ ఆలోచనను ఆ నౌకను కట్టిన లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీ ఇంజినీరు జిమ్ హారిస్ మొదట తన ఇంటి ముందు, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ కప్పుతో, ఎయిర్ కంప్రెసర్‌తో పరీక్షించాడు. అది చదివాకే మాకు ధైర్యం వచ్చింది. కప్పు మన ఇంట్లోనూ ఉంటుంది కదా.

ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి పైభాగంలో చుట్టూ చీలికలు పెట్టాం. దాన్ని పెద్ద ప్లాస్టిక్ డబ్బా మధ్యలో బిగించాం. డబ్బా పక్క గోడ కోసేసి దోమల మెష్ అతికించాం. గాలి బయటికి పోవాలి, ఇసుక మాత్రం చుట్టూ ఉన్న గాడిలో పడాలి. పైపులు, బిగింపులు ఎస్పీ రోడ్డులో దొరికాయి. గాలి కోసం మా వీధి పంచర్ షాపాయన కంప్రెసర్ వాడుకోనిచ్చాడు. ఎం-శాండ్ మీద పెట్టి గాలి వదిలితే గాడిలో చక్కగా ఇసుక చేరింది. కానీ తలను ఎత్తి వంచితే చీలికల్లోంచి మళ్లీ కిందికి జారింది. పాత ఎక్స్‌రే ఫిల్మ్ కత్తిరించి చీలికలకు తలుపుల్లా పెట్టాం. అప్పుడు ఆగింది. ఇసుకలో చిన్న కంకర కలిపి చూస్తే మాత్రం ఒక రాయి తలుపులో ఇరుక్కుని సందు తెరిచే ఉంచింది.

2020 అక్టోబర్ 20న బెన్ను మీద కూడా ఇదే జరిగింది! రాళ్లు ఇరుక్కుని మైలార్ అనే పల్చటి ప్లాస్టిక్ తలుపు పూర్తిగా మూసుకోలేదు, మట్టి అంతరిక్షంలోకి జారిపోతూ కనిపించింది. అందుకని వాళ్లు మిగతా పరీక్షలు మానేసి తలను త్వరగా, మట్టిని భూమికి తెచ్చే క్యాప్సూల్‌లో పెట్టేశారు. ఆ ఫొటో, మా డబ్బా ఫొటో పక్కపక్కన చార్టు మీద అంటించాం. మా చార్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

కంప్రెసర్‌ను లోపలికి తేకూడదని స్కూలువాళ్లు చెప్పడంతో పద్ధతి మార్చాల్సి వచ్చింది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మూతకు ట్యూబ్‌లెస్ వాల్వు బిగించి సైకిల్ పంపుతో గాలి నింపాం. వదలడానికి మా ఊరి నుంచి తెచ్చిన డ్రిప్ పైపు వాల్వు వాడాం. నిజం చెప్పాలంటే ఇది కంప్రెసర్ కన్నా అసలుదానికే దగ్గరగా ఉంది. సీసాలో ఉన్నదంతా ఒక్క దెబ్బలో అయిపోతుంది, బెన్ను మీద కూడా అంతే.

తర్వాత పిల్ల అడిగింది, "మామా, అక్కడ బరువుండదు కదా, మనది బరువుతో నొక్కుకుని కూర్చుంటోంది." తను అడిగింది న్యాయమే. కప్పీ మీదుగా తాడు వేసి, అవతల అంతే బరువు కట్టి తలను తేలేలా చేశాం. గాలి వదలగానే తల ఎగిరిపోయింది, ఇసుక గదంతా చిమ్మింది, గాడిలో చిటికెడే మిగిలింది. అక్కడ ప్రతి క్షణానికీ లెక్క ఎందుకో అప్పుడు పిల్లకు బాగా అర్థమైంది. నౌక సెకనుకు సుమారు పది సెంటీమీటర్ల వేగంతో దిగింది, తాకిన సెకనుకే గ్యాస్ కొట్టింది, కొన్ని సెకన్లలోనే థ్రస్టర్లతో (చిన్న ఇంజిన్లతో) వెనక్కి లేచింది. పైగా నేల గట్టిగా ఉంటుందనుకుంటే తల దాదాపు అర మీటరు దిగిపోయింది. సిగ్నల్ చేరడానికే పద్దెనిమిది నిమిషాలకు పైగా పట్టే దూరం. ఇక్కడి నుంచి ఎవరూ చేసేదేమీ లేదు. నౌకే ఫొటోలు తీసి, తన దగ్గరున్న ఫొటోలతో పోల్చుకుని దిగింది. అనుకున్న చోటుకు ఒక మీటరు లోపే!

ఎగ్జిబిషన్ రోజు ఒక జడ్జి మంచి ప్రశ్న అడిగారు: "అక్కడ తక్కెడ పనిచేయదు కదా, ఎంత మట్టి దొరికిందో ఎలా తెలుస్తుంది?" పిల్ల పక్కనున్న స్నేహితురాలి చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగి చూపించింది. దగ్గరగా ఉంటే తేలిగ్గా తిరుగుతాం, చేతులు చాచి బరువు దూరంగా పెడితే తిప్పడం కష్టమవుతుంది. నౌక కూడా చేయి చాచి తిరిగి, ముందటి లెక్కతో పోల్చి మట్టి బరువు కట్టాలన్నది ప్లాన్. మట్టి జారిపోతుండటంతో అది మానుకున్నారు. కావాల్సింది 60 గ్రాములు. 2023 సెప్టెంబర్ 24న క్యాప్సూల్ యూటా ఎడారిలో దిగింది. తల మీది రెండు బిగింపులు ఊడక మొండికేస్తే కొత్త పనిముట్లు చేయించి 2024 జనవరిలో విప్పారు. చివరికి తూచితే 121.6 గ్రాములు. మేం అంతే ఇసుక తూచి ఒక గిన్నెలో పెట్టాం. వచ్చినవాళ్లందరూ దాన్ని చేతిలోకి తీసుకుని చూశారు.

ఎవరైనా చేయాలనుకుంటే, పంపుకు గేజి ఉండేలా చూసుకోండి. మేం గాలి ఒత్తిడి 40 పీఎస్ఐ దాటనివ్వలేదు. కొత్త సీసానే వాడండి, గీతలు పడినది వద్దు. చుట్టూ నిలబడే పిల్లలకు కూడా కళ్లద్దాలు పెట్టించండి, కంకర రవ్వలు చాలా దూరం ఎగురుతాయి. ఎక్స్‌రే ఫిల్మ్ తలుపులకు అంచు కాస్త ఎక్కువ వదలండి, సరిగ్గా చీలిక కొలతకే కోస్తే మూసుకోవు.