టెట్ సైకాలజీ: స్మృతి చాప్టర్లో బిట్లు ఎక్కడ జారతాయంటే

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) ఫలితం నా చేతికొచ్చింది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నా. సైకాలజీ 30 బిట్లలో చేజారేవి చదవనివి కావు, నాలుగుసార్లు చదివినవే. కారణం స్మృతి–విస్మృతి (జ్ఞాపకం, మరపు) చాప్టర్లోనే ఉంది: గుర్తింపు (చూసి పోల్చుకోవడం) వేరు, పునఃస్మరణ (చూడకుండా తెచ్చుకోవడం) వేరు. గీతలు గీసుకున్న పేజీ ఐదోసారి తిప్పితే అంతా వచ్చినట్టే అనిపిస్తుంది. అది గుర్తింపు. ఆప్షన్లు ఇస్తారు కదా, గుర్తుపడితే చాలదా అంటారు. చాలదు. నాలుగు ఆప్షన్లూ పుస్తకంలోని మాటలే, నాలుగూ తెలిసిన ముఖాలే.

పురోగమన, తిరోగమన అవరోధాల (ఒకటి నేర్చింది ఇంకోదానికి అడ్డుపడటం) బిట్టే చూడండి. నిర్వచనం గడగడా అప్పజెప్పేవాళ్లు కూడా ఉదాహరణ ఇస్తే తలకిందులు చేస్తారు. ‘అడ్డుపడింది ఏది’ అని వెతకడం వల్ల వచ్చే చిక్కు ఇది. ‘దెబ్బతిన్నది ఏది’ అని చూడండి. కొత్తది దెబ్బతింటే పురోగమనం, పాతది దెబ్బతింటే తిరోగమనం. తెలుగు వచ్చిన పిల్లవాడు కన్నడం రాస్తూ మన తలకట్టు పెట్టేశాడు. దెబ్బతిన్నది కొత్తగా నేర్చిన కన్నడం, కనుక పురోగమనం. కొత్త ఫోన్ నంబరు అలవాటయ్యాక పాతది నోటికి రాకపోతే తిరోగమనం. అన్నట్టు, ఆ కన్నడం ఉదాహరణే అభ్యసన బదలాయింపు చాప్టర్లో ప్రతికూల బదలాయింపుగానూ (ముందు నేర్చింది కొత్త అభ్యసనాన్ని చెడగొట్టడం) వస్తుంది. ఆప్షన్లన్నీ చూశాకే గుర్తు పెట్టండి. సొంత ఉదాహరణలు మూడు ఇటు, మూడు అటు రాసుకుంటే ఈ బిట్టు ఇక పోదు.

మరపు మీద ప్రయోగాలు చేసిన ఎబ్బింగ్‌హాస్ దగ్గర 1885, అర్థరహిత పదాంశాలు అందరికీ వచ్చు. పొదుపు (మళ్లీ నేర్చేటప్పుడు ఆదా అయ్యే శ్రమ) లెక్క దగ్గరే తడబాటు. మొదట 20 ప్రయత్నాలు పట్టి, పునరభ్యసనానికి 8 చాలితే పొదుపు (20−8)/20, అంటే 60 శాతం. 8/20 చేసి 40 పెట్టేవాళ్లు ఎక్కువ, ఆ 40 కూడా ఆప్షన్లలో కాచుకుని ఉంటుంది. ఆయన లెక్కలో పొదుపు గంటకే 44 శాతానికి పడింది, రోజుకు 34కు, నెలకు 21కి. భారీ నష్టమంతా మొదటి రోజే. ఆదివారం రివిజన్ చేద్దాంలే అనేవాళ్లు దీన్ని బిట్టుగా చదివారు గానీ నమ్మలేదు. విరామ పద్ధతి (మధ్యలో వ్యవధి ఇస్తూ చదవడం) మేలని పరీక్షలో పెట్టి, ఇంట్లో మాత్రం అవిరామంగా రుద్దుతారు.

2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగం సిలబస్‌లో లేకపోయినా తెలుసుకోండి. ఒక పాఠాన్ని కొందరు నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చదివినవాళ్లకు 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం గుర్తున్నాయి. మనం మోసపోయేదీ ఇక్కడే: చదివిన రాత్రే అప్పజెప్పుకుని సరిపోయిందనుకుంటాం.

భాష మీద బిట్టు వస్తే బ్రోకా (1861), వెర్నికె (1874) తారుమారు కాకుండా చూసుకోండి. ఇవి మెదడులోని భాషా ప్రాంతాలు, కనిపెట్టినవాళ్ల పేర్లతోనే పిలుస్తారు. అవి దెబ్బతిన్నప్పుడు, అర్థం చాలావరకు తెలుస్తూ మాట ముక్కలు ముక్కలుగా వస్తే బ్రోకా, ధారాళంగా మాట్లాడినా అర్థం లేకపోతే వెర్నికె. స్వల్పకాలిక స్మృతిలో ఒకేసారి 7±2 అంశాలే పడతాయన్న మిల్లర్ సంగతి మీకు తెలిసిందే.

చాప్టర్ అయ్యాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పది నిమిషాలు రాయండి. ఆగిపోయిన చోట ఆ పేరా మాత్రమే తెరవండి. మర్నాడు పుస్తకం కంటే ముందు ఇంకో తెల్లకాగితం తీయండి.