ఎర్రగీత కింద కానాగుర్త

రాత్రి పదకొండు దాటింది. అమ్మమ్మ ఎప్పుడో పడుకుంది, తమ్ముడు ఎప్పటిలాగే హాల్లో దీపం ఆర్పకుండా నిద్రపోయాడు. పొద్దున్నే క్లాసు ఉంది కానీ, ఇది రాయకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టేలా లేదు.

మెరైన్ బయాలజీ ప్రాక్టికల్ రికార్డు ఈరోజు దిద్దించుకుని చేతికి వచ్చింది. అందులో కానాగంత అనే చేప బొమ్మ వెయ్యడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. వీపున రెండో రెక్క వెనక ఐదు, కింది వైపు మరో ఐదు బుల్లి రెక్కలు లెక్క తప్పకుండా, ఒంటి పైభాగాన ముదురు చారలు, ఛాతీ రెక్క కింది అంచున నల్లచుక్క, అన్నీ చేపను ఎదురుగా పళ్ళెంలో పెట్టుకుని వేశాను. బొమ్మ బాగుందని సారు పక్కన టిక్కు పెట్టారు. దాని కింద 'స్థానిక నామం: కానాగంత, కానాగుర్త' అని నేను రాసిన పంక్తిని మాత్రం ఎర్రసిరాతో కొట్టేశారు. గీత ఎంత గట్టిగా పడిందంటే, పేజీ తిప్పితే వెనక వేలికి తగులుతోంది. ఎందుకు సార్ అని అడిగితే, "రికార్డంటే చేపల బజారు చిట్టా కాదమ్మా, సైంటిఫిక్ నేమ్ రాస్తే చాలు" అన్నారు. క్లాసంతా విన్నది. జాలరిపేట నుంచి వచ్చే అమ్మాయి నా పక్కనే కూర్చుంటుంది. ఆమె తల వంచుకుని తన రికార్డులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. నాకు గీత కన్నా అది ఎక్కువ బాధగా ఉంది.

నిజానికి ఈరోజు మంచి రోజే కావలసింది. మధ్యాహ్నం ల్యాబులో ప్లాంక్టన్ (నీళ్ళలో తేలాడే చిన్న జీవులు) స్లైడు మీద ప్రాణంతో ఉన్న పీత పిల్ల, జోయియా దశలోది, కనిపించింది. నెత్తిన కొమ్ములాంటి ముల్లు, గాజులాంటి ఒంటిలోంచి టకటక కొట్టుకుంటున్న గుండె. దాని గురించి అమ్మకు చెబుదామనుకుంటూ ఇంటికి వచ్చాను, చెప్పకుండానే అన్నం తిన్నాను.

పోయిన సెమిస్టరు పరీక్షలప్పుడు వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చేపల పేర్లు పైకి చదువుకుంటున్నాను. 'రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా, రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా' అని నాలుగైదు సార్లు అనేసరికి లోపల్నుంచి అమ్మమ్మ, "కానాగుర్తలంటన్నావు, తెచ్చావేటే?" అంది. నేను పుస్తకం మూసేశాను. అది లాటిన్ పేరని, పరీక్ష కోసమని చెబితే ఆవిడ నమ్మలేదు. మరునాడు పొద్దున నిజంగానే బుట్టలో వచ్చిన కానాగంతలు కొని, పులుసుకు శుభ్రం చేస్తూ నన్ను పిలిచి, ఒకదాని దవడలు రెండు వేళ్ళతో విడదీసి చూపించింది. గొంతులో రెండు వైపులా పొడుగాటి, సన్నని పుల్లలు, కోడి ఈకను నిలువుగా పెట్టినట్టు వరసగా ఉన్నాయి. "ఈ ఈకలు కనబడితే కానాగుర్తే, ఇంకేటీ చూడక్కర్లేదు" అంది. అవి గిల్ రేకర్లు. నోట్లోకి వచ్చిన నీళ్ళు మొప్పల గుండా పోతుంటే అందులోని ప్లాంక్టన్‌ను ఇవి వడకట్టి ఆపుతాయి. రాస్ట్రెల్లిగర్ అంటే చిన్న దంతెను మోసేది అని అర్థం. ఆ పేరు పెట్టిన అమెరికా శాస్త్రవేత్తలు, భీమిలిలో పుట్టిన మా అమ్మమ్మ, ఒకే గుర్తును పట్టుకున్నారు.

కానాగుర్త అన్న మాట ఆ పేరులోకి పొరపాటున వచ్చింది కాదు. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు 1780లలో మన విశాఖపట్నంలో ఉండి చేపలు సేకరించి, బొమ్మలు వేయించి, ఇక్కడి వాళ్ళు ఏ చేపను ఏమంటారో అడిగి రాసుకున్నాడు. రక్తపింజరి శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే. ఆ రెండు వందల చేపల బొమ్మలూ వర్ణనలూ 1803లో లండనులో అచ్చయ్యాయి. వాటిలోని కానాగుర్త బొమ్మనూ, దానికి ఆయన రాసిన పేరునూ ఆధారం చేసుకునే 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే ఈ చేపకు కానాగుర్త అని పేరు పెట్టాడు. సావళ్ళు అనే చేపల శాస్త్రీయ నామంలోని సావలా కూడా ఆ దారినే వెళ్ళింది. చేపల బజారులో అడిగి రాసుకున్న మాట రెండు శతాబ్దాలుగా ప్రపంచమంతా శాస్త్రంగా చెల్లుతూ ఉంటే, అదే మాటను అదే ఊళ్ళో ఒక విద్యార్థి తెలుగు లిపిలో రాస్తే కొట్టివేతకు గురి కావడమేమిటన్నది నా కోపం.

ఇదంతా సారుకు రాసి ఇద్దామని కాగితం తీసుకుని, పేజీల నంబర్ల కోసం రికార్డు మళ్ళీ తెరిచాను. కానాగంత తరవాత మూడు పేజీలు సార్డినెల్లా చేపలవి: లాంగిసెప్స్, గిబ్బోసా, ఫింబ్రియేటా. మూడు చేపలు వేరు, మూడు బొమ్మలు వేరు. మూడింటి కిందా నా చేత్తోనే 'స్థానిక నామం: కవళ్ళు' అని రాసి ఉంది. మూడింటినీ సారు కొట్టేశారు. అక్కడ నా దగ్గర జవాబు లేదు. ఒకే పేరు మూడు జీవులకు తగిలిస్తే ఎవరు ఏ చేప గురించి మాట్లాడుతున్నారో తెలియదనే కదా, 1758 నాటి స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ రెండు మాటల పద్ధతిని జంతు నామాలకు మొదలుగా పెట్టుకున్నది. పార అన్న ఒక్క చేప పేరు కింద ఎన్ని రకాల చేపలు ఉన్నాయో తలచుకుంటే సారు చిరాకు కూడా అర్థమవుతోంది. బజారు అన్న మాట ఆయన అనకుండా ఉండవలసింది, కానీ కొట్టివేయడం పూర్తిగా తప్పని ఇప్పుడు అనలేను.

అయితే తప్పు కవళ్ళు అన్న మాటది కాదు, అక్కడితో అడగడం ఆపేసిన నాది. నూనె కవళ్ళు అని అమ్మమ్మ వేరుగా అంటుంది, అది లాంగిసెప్స్. మిగిలిన రెండింటికీ వలలు లాగేవాళ్ళ దగ్గర ఏ పేర్లున్నాయో నేను ఒక్కరినీ అడగలేదు. రస్సెల్ అడిగాడు, ఇక్కడే పుట్టిన నేను అడగలేదు.

సారుకు రాయబోయిన కాగితం పక్కన పెట్టేశాను. దాని బదులు కొత్త పేజీలో గళ్ళు గీశాను: చేప, పేరు, చెప్పినవారు, ఊరు, తేదీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కాబట్టి, ఈలోగా వచ్చే ఆదివారాలన్నీ తెల్లవారుజామునే హార్బరుకు వెళ్ళాలి. మొదటి ఆదివారం అమ్మమ్మ వస్తానంటే తీసుకువెళతాను. జాలరిపేట అమ్మాయిని కూడా రేపు క్లాసు మొదలయ్యే ముందే అడగాలి, కవళ్ళలో ఎన్ని రకాలున్నాయని వాళ్ళ నాన్నగారు అంటారో.